తిరుగు ప్రయాణమే అసలు యాత్ర



శనగలు అమ్ముడుపోయి చేతిలో నాలుగు రూపాయలు ఆడే రోజులు వస్తే మా జమ్మలమడుగు పల్లెల్లో యాత్రల మాట మొదలవుతుంది. పులివెందుల వైపు చీనీకాయలకు మంచి ధర పలికిన ఏడు ఆ మాట ఇంకా గట్టిగా వినబడుతుంది. ప్రొద్దుటూరులో అంగళ్లు పెట్టుకొని బ్రతికే మన విశ్వాసుల ఇళ్లలో, యొర్దాను ఒడ్డున తెల్లబట్టలతో దిగిన ఫోటో ఇప్పుడు పెళ్లి ఫోటో పక్కనే వేలాడుతోంది. మా చిన్నతనంలో యెరూషలేము అంటే సండేస్కూలులో పటం మీద వేలుపెట్టి చూపించే ఊరు. అక్కడికి మన ఊరి మనిషి పోయివస్తాడని ఎవరూ అనుకోలేదు.

ఈ మార్పుకు మన జిల్లాతో కొంత సంబంధం ఉంది. జమ్మలమడుగులో 1949లో పుట్టి, వైద్యం చదివిన తరువాత కొంతకాలం అక్కడి క్యాంబెల్ మిషను ఆసుపత్రిలోనే డాక్టరుగా పనిచేసిన పులివెందుల వాసి వై.ఎస్. రాజశేఖరరెడ్డి గారు ముఖ్యమంత్రిగా ఉండగా, 2008లో, క్రైస్తవులు యెరూషలేము యాత్రకు పోవడానికి ప్రభుత్వ సహాయం మొదలైంది. 2019 నవంబరులో ఆ సహాయాన్ని పెంచారు. ఏడాదికి 3 లక్షల రూపాయల లోపు ఆదాయం ఉన్నవారికి 40,000 నుండి 60,000కు, అంతకు మించిన ఆదాయం ఉన్నవారికి 20,000 నుండి 30,000కు చేశారు. 2020లో కరోనా వచ్చి దారులు మూసింది. 2023 అక్టోబరులో రేగిన యుద్ధం వలన బయలుదేరవలసిన ఎన్నో జట్లు ఆగిపోయాయి. అయినా జనం మనసులో ఆశ ఆగలేదు. సంఘకాపరిగా నన్ను ఇప్పటికీ అడుగుతూనే ఉన్నారు: "అయ్యగారూ, పోవచ్చునా? పోతే ఏమి ఫలం?"

ఈ ప్రశ్నకు "పోండి" అనో "వద్దు" అనో ఒక్క ముక్కలో జవాబు చెప్పడం తేలికే. గాని వాక్యము ఈ విషయంలో రెండు వైపులా మాట్లాడుతుంది. ఆ రెండూ వినకుండా జవాబు చెప్పడం న్యాయం కాదు.

ఒక వైపు చూడండి. కీర్తనల గ్రంథములో 120 నుండి 134 వరకు ఉన్న పదిహేను కీర్తనలు యాత్రకీర్తనలు. పండుగకు కొండెక్కి పోయే కుటుంబాలు దారి పొడవునా పాడుకున్న పాటలవి. మన ప్రభువు కూడా పన్నెండేళ్ల ప్రాయంలో తలిదండ్రులతో కలిసి ఆ దారిన నడిచాడు. కాబట్టి యాత్ర అనే మాటే మనకు నిషిద్ధము అనడానికి లేదు. మరొక వైపు యోహాను సువార్త 4వ అధ్యాయము ఉంది. ఈ కొండ మీదనా, ఆ పట్టణములోనా ఆరాధన చేయవలసినది అని సమరయ స్త్రీ అడిగినప్పుడు, ప్రభువు ఏ కొండనూ ఎన్నుకోలేదు. ఆత్మతోను సత్యముతోను జరిగే ఆరాధనను చూపించాడు. యాకోబు బావి దగ్గర కూర్చుండి చెప్పిన ఆ మాట తరువాత, ఫలానా మట్టిని తాకితే పాపము పోతుందని చెప్పే హక్కు ఏ బోధకునికీ లేదు.

నేను ఈ సంగతి మా సంఘములో ఒక ఆదివారం బోధించాను. ఆ రోజు ఆరాధన అయిన తరువాత మా సంఘములోని ఒక అవ్వ నా దగ్గరకు వచ్చింది. పెనిమిటి పోయి చాలా ఏండ్లయింది. రెండు గేదెల పాలు పోసి, పొదుపు సంఘంలో నెలనెలా కట్టి, యెరూషలేము కోసమని డబ్బు కూడబెట్టుకుంటున్న మనిషి. కొడుకులేమో ఆ డబ్బుతో బోరు వేయిస్తామంటున్నారు.

"అయ్యగారూ, మీరు చెప్పింది నిజమే. దేవుడు యాడైనా ఉంటాడు. అయితే ఒక మాట. ప్రతి ఏడూ సమాధుల పండగకు నేను మా ఆయన సమాధికాడికి పోయి సున్నం కొట్టి, పూలు పెట్టి వస్తా. ఆయన ఆ మట్టిలో ల్యాడని నాకు తెల్దా? తెలిసే పోతా. ప్రేమ ఉంది గాబట్టి పోతా. ఖాళీ సమాధి అని తెలిసే ఆ సమాధి కూడా ఒకసారి సూసి వస్తానయ్యా."

నేను బోధించిన దానిలో తప్పు లేదు. ఆమె చెప్పిన దానిలోనూ తప్పు లేదు. మగ్దలేనే మరియ చీకటితోనే లేచి సమాధి దగ్గరకు పోయింది ఏ పుణ్యం కోసం? ప్రేమ కోసమే గదా. పుణ్యము సంపాదించడానికి పోవడం వేరు, కృతజ్ఞతతో పోవడం వేరు. ఈ తేడా నేను డిప్లొమా చదివిన వేదాంత కళాశాలలోనూ విన్నాను గాని, ఇంత సులువుగా చెప్పినవారు లేరు.

అయితే ప్రేమ పేరు చెప్పి అప్పు చేయడాన్ని మాత్రం నేను ఒప్పుకోను. ఈ మాట గట్టిగానే వ్రాస్తున్నాను. పులివెందుల దగ్గర ఒక పల్లెలో ఒక సహోదరుడు చీనీతోట కాగితాలు పెట్టి, భార్య మెడలోని గొలుసు ప్రొద్దుటూరులో కుదువపెట్టి, ఇద్దరికీ టికెట్లు తీయాలనుకున్నాడు. "అక్కడ మోకాళ్లూని ప్రార్థన చేస్తే అప్పులన్నీ తీరుతాయని యాత్రలు నడిపే ఒకాయన చెప్పినాడయ్యా" అన్నాడు. నేను ఆయన ఇంటికి పోయి భార్యాభర్తలను ఎదురుగా కూర్చోబెట్టుకొని లెక్క వ్రాయించాను. ఇద్దరి టికెట్ల ఖర్చు ఎంత, వడ్డీ ఎంత, ఆ ఏడు ఎండిన చెట్లెన్ని, కూతురి నర్సింగు ఫీజు ఎంత అని. లెక్క సగంలో ఉండగానే ఆ తల్లి కళ్లనీళ్లు పెట్టుకుంది. ఆమెకు యాత్ర ఇష్టం లేక కాదు. కూతురి చదువు ఆగిపోతుందని భయం. చివరికి ఆ సహోదరుడు యాత్ర మానుకొని కూతురి ఫీజు కట్టాడు. ప్రియులారా, యెరూషలేము చూడని విశ్వాసికి పరలోకములో ఏ కొదువా లేదు. ఫీజు కట్టలేక ఇంట్లో కూర్చున్న బిడ్డకు మాత్రం ఈ లోకములోనే నష్టం.

అవ్వ సంగతి వేరు. ఆమె డబ్బు అప్పుది కాదు, ఎవరి నోటి దగ్గరి కూడూ కాదు. కొడుకులతో నేను మాట్లాడాను. చిన్నకొడుకు, "మా అమ్మ పాతికేండ్లు మా కోసమే పాలు పిండింది, ఈ ఒక్కసారి తన కోసం పోనీలే" అన్నాడు. ఆ విధంగా 2019 ఫిబ్రవరిలో మా మూడు ఊళ్ల సంఘాల నుండి కొందరం జట్టుగా బయలుదేరాము. నేనూ వారితో పోయాను.

హైదరాబాదులో విమానమెక్కి గల్ఫులో మారి యొర్దాను దేశపు అమ్మాను పట్టణంలో దిగాము. మొదట నెబో కొండ. మోషే వాగ్దాన దేశమును కనులారా చూచి, అందులో అడుగుపెట్టక కన్నుమూసిన చోటు. ద్వితీయోపదేశకాండము 34వ అధ్యాయము అక్కడ నిలబడి చదువుకున్నాము. నలభై ఏండ్లు జనమును నడిపించిన దైవజనుడే ఆ దేశంలో కాలు పెట్టలేదు. పోలేకపోయామని బాధపడే మన వారికి ఇంతకంటె గొప్ప తోడు ఎవరు?

తరువాత సరిహద్దు దాటి యొర్దాను నది దగ్గరకు పోయాము. యెరికోకు దగ్గరలో, 2011లో మళ్లీ యాత్రికులకు తెరిచిన రేవు అది. నది సన్నగా, మట్టిరంగు నీటితో పారుతోంది. అవతలి గట్టు మీద నిలుచున్నవారి ముఖాలు కూడా కనబడుతున్నాయి. పెన్నమ్మను చూచి పెరిగిన మా వాళ్లు ముఖముఖాలు చూచుకున్నారు. అవ్వయితే దాచుకోలేదు. "ఇదేనా యొర్దాను? మా పెన్నలో సగం ల్యాదే!" అంది. అందరం నవ్వాము. అప్పుడు నాకు నయమాను గుర్తుకు వచ్చాడు. మా దమస్కు నదులు ఇంతకంటె మంచివి కావా అని కోపగించి వెనుకకు తిరిగినవాడు. నీళ్లు గొప్పవై అతడు బాగుపడలేదు. దేవుని మాట విని మునిగాడు గనుక బాగుపడ్డాడు. ఆ రేవులోనే నిలబడి రెండవ రాజులు 5వ అధ్యాయము వారికి వివరించాను. అదే అధ్యాయములో ఇంకొక సంగతి ఉంది. నయమాను తిరిగి పోతూ రెండు కంచరగాడిదలు మోసేంత మట్టి అడిగాడు. ఎలీషా అతనిని గద్దించలేదు. జ్ఞాపకానికి తెచ్చుకోవడం పాపం కాదు. అవ్వ కూడా ఒక చిన్న సీసాలో నీళ్లు పట్టుకుంది.

బేత్లెహేములో ప్రభువు పుట్టిన చోటని చెప్పే దేవాలయమునకు వాకిలి దాదాపు నాలుగడుగుల ఎత్తే ఉంటుంది. పూర్వం పెద్ద వాకిలి ఉండేదట. గుర్రాల మీదనే లోపలికి రాకుండా దానిని ఇట్లు కుదించారని చెబుతారు. ఎంతటివాడైనా నడుము వంచవలసిందే. మా జట్టులో నిలువెత్తు మనిషి ఒకాయన ఉన్నాడు. ఊరిలో ఎవరికీ తల వంచని పెద్దమనిషి. ఆయన వంగి లోపలికి పోయి, బయటికి వచ్చిన తరువాత చాలాసేపు ఎవరితోనూ మాట్లాడలేదు.

యెరూషలేములో ప్రభువు సమాధి ఉన్న దేవాలయము 335లో ప్రతిష్ఠింపబడినది. అనేక శాఖల క్రైస్తవులు దానిని పంచుకొని ఆరాధిస్తారు. ఏ మూల ఎవరిది అన్న తగాదాలు కూడా లేకపోలేదు. ఆ దేవాలయపు తాళపుచెవి కాపాడేది, తలుపు తెరిచేది మాత్రం రెండు ముస్లిం కుటుంబాలు. వందల ఏండ్లుగా తరతరాలుగా వారే చేస్తున్నారు. ఇది విని మా వారిలో ఒకరు, "మన గుడి తాళం కోసం మనం కొట్లాడుకున్నట్లే ఉంది గదయ్యా" అన్నారు. నేను ఏమీ అనలేదు. మన సంఘాలలో కమిటీ ఎన్నికలు చూచినవారికి వేరే వివరణ అక్కరలేదు.

లోపల సమాధి దగ్గర పెద్ద వరుస. గంటకు పైగా నిలుచున్నాము. లోపల ఒక్క నిమిషం. అవ్వ బయటికి వచ్చి కొంగుతో ముఖం తుడుచుకొని, "ల్యాడు" అంది. ఆ ఒక్క మాటే. అందులో దుఃఖం లేదు. ఈస్టరు ఉదయం దేవదూత చెప్పిన వార్త ఆ మాటలో ఉంది.

ఇంతవరకు పోవడం. ఇక ఈ వ్యాసంలో నేను చెప్పదలచిన అసలు సంగతి తిరిగి రావడం గురించి.

క్రొత్త నిబంధనలో యెరూషలేము నుండి తిరిగి వచ్చే ప్రయాణాలు రెండు నాకు ఎప్పుడూ జ్ఞాపకానికి వస్తాయి. మొదటిది లూకా 2వ అధ్యాయములో ఉంది. యోసేపు మరియలు పండుగకు పోయారు, ఆచారము నెరవేర్చారు, తిరుగు దారి పట్టారు. ఒక దినప్రయాణము నడిచిన తరువాత చూస్తే బాలుడైన యేసు జట్టులో లేడు. చుట్టాలున్నారు, జట్టు ఉంది. ఆయన ఒక్కడే లేడు. రెండవది అపొస్తలుల కార్యములు 8వ అధ్యాయములో ఉంది. ఐతియొపీయ దేశపు అధికారి ఆరాధించుటకు యెరూషలేము దాకా పోయాడు. అయితే ఆయన ప్రభువును కనుగొన్నది ఆ పట్టణములో కాదు. తిరిగి వస్తూ, గాజాకు పోయే అరణ్యమార్గములో, రథము మీద కూర్చుండి లేఖనము చదువుకుంటుండగా ఫిలిప్పు ద్వారా కనుగొన్నాడు. దారిలో కనబడిన మామూలు నీళ్లలోనే బాప్తిస్మము పొందాడు.

చూచారా? ఇద్దరు తలిదండ్రులు యేసును వెంటబెట్టుకొని పోయి, ఆయన లేకుండా తిరిగివచ్చారు. ఒక పరదేశి యేసును ఎరుగక పోయి, ఆయనతో తిరిగి వెళ్లాడు. ఇంటికి చేరేటప్పుడు మన జట్టులో ఆయన ఉన్నాడా అన్నదే ఏ యాత్రకైనా పరీక్ష.

ఆ సంవత్సరమే వానాకాలంలో ఈ పరీక్ష మా అవ్వకు ఎదురైంది. ఆమె వీధిలో ఏడేండ్ల పిల్లకు జ్వరం పట్టుకుంది. మూడు రోజులైనా తగ్గలేదు. పిల్ల తల్లికి అవ్వ దగ్గర యొర్దాను నీళ్లున్నాయని తెలుసు. రాత్రి పూట వచ్చి, "అవ్వా, రోంత నీళ్లు ఇయ్యి, బిడ్డకు తాపుతా, నుదుటికి పూస్తా" అని కాళ్లమీద పడింది. ఆమె భర్త ఊళ్లో లేడు, చేతిలో డబ్బు లేదు. సీసా అల్మారాలోనే ఉంది. ఇచ్చివేయడం అవ్వకు నిమిషం పని. ఇస్తే ఆమెకు వీధిలో గౌరవం కూడా పెరిగేది. కాని అవ్వ పిల్ల ఒళ్లు తాకి చూచి, "నీళ్లు యాడికీ పోవు తల్లీ, బిడ్డ పోతాది. ముందు ఆటో పిలువు" అంది. యాత్ర ఖర్చులో మిగిలిన డబ్బు చీరకొంగున కట్టుకొని తానే ఆటోలో కూర్చుంది. అర్ధరాత్రికి ప్రొద్దుటూరు పెద్దాసుపత్రికి చేర్చారు. డెంగీ అని తేలింది. రక్తంలో ప్లేట్‌లెట్లు బాగా పడిపోయాయి. ఇంకొక రోజు ఆలస్యమైతే చెప్పలేమని డాక్టరమ్మ అన్నది. ఎనిమిది రోజులకు పిల్ల నడిచి ఇంటికి వచ్చింది.

మరుసటి ఆదివారం అవ్వ ఆ సీసా తెచ్చి, గుడి ఆవరణలో మేము నాటిన వేపమొక్క పాదులో ఆ నీళ్లు పోసింది. "ఇంట్లో ఉంటే రేపు ఇంకొకరు అడుగుతారు. అడిగినప్పుడు నా మనసు ఎట్లుంటాదో" అంది. మోషే చేసిన ఇత్తడి సర్పమును జనులు పూజించుట మొదలుపెట్టినప్పుడు హిజ్కియా రాజు దానిని ముక్కలు చేశాడని రెండవ రాజులు 18వ అధ్యాయములో ఉంది. అవ్వకు చదువు రాదు. ఆ సంగతి ఆమెకు నేనెప్పుడూ చెప్పలేదు.

ఇక యెరూషలేము పోలేనివారికి ఒక మాట. మనకు దగ్గరలోనే చూడదగిన చోట్లున్నాయి, వాటిని మనము చూడము. లండను మిషనువారు 1822లో కడపలో పని ప్రారంభించారు. తరువాత 1890లలో డాక్టర్ క్యాంబెల్ గారు జమ్మలమడుగులో వైద్యసేవ చేశారు. ఆయన పేరుతోనే ఆ ఆసుపత్రి వెలసింది. చుట్టుపట్ల పల్లెల నుండి బండ్లు కట్టుకొని రోగులను తెచ్చేవారని మా పెద్దలు చెప్పేవారు. ఏ కులమని అడగక ముట్టుకొని మందు వేసిన చేతులు అక్కడ పనిచేశాయి. మన సంఘాలలో ఎందరి తాతముత్తాతలకు ప్రభువు పేరు మొదట వినబడింది ఇటువంటి ఆసుపత్రి వరండాలోనే. గండికోటకు సెలవు రోజున పిల్లలను తీసుకొనిపోయే తండ్రులు, జమ్మలమడుగులో ఒక గంట ఆగి ఈ సంగతి చెబితే ఎంత మేలు!

ఇంకొంచెము దూరం పోగలిగితే తెలంగాణలో మెదక్ దేవాలయము ఉంది. కరువు కాలంలో ఆకలితో ఉన్న జనానికి ఊరకే గింజలు పంచక, పని చూపించి కూలి ఇవ్వాలని పాస్నెట్ దొరగారు దాని నిర్మాణము చేపట్టారు. 1924 డిసెంబరు 25న అది ప్రతిష్ఠింపబడినది. అక్కడికి పోయేవారు గోపురం ఎత్తు, రంగు అద్దాల కిటికీలు చూచి ఆశ్చర్యపడి వస్తారు. ఆ గోడలలో ఆకలిగొన్నవారి అన్నం ఉన్నదని పిల్లలకు చెప్పండి. అప్పుడు మన ఊరిలో పని లేక కూర్చున్న కూలివాని గురించి వారే అడుగుతారు.

కావున ప్రియులారా, పోగలిగినవారు పోండి. అప్పు చేసి పోకండి, ఇంట్లో ఒకరి అవసరం ఆపి పోకండి. బయలుదేరక ముందు కుటుంబమంతా కూర్చుండి లెక్క వ్రాసుకోండి, ప్రార్థన చేసుకోండి. ఆశీర్వాదము కొనుక్కోవడానికి కాక, కృతజ్ఞత చెప్పుకోవడానికి పోండి. వచ్చిన తరువాత ఫోటోలు చూపించండి, తప్పు లేదు. అయితే మీ పొరుగువాడు మీ దగ్గర చూడవలసినది ఫోటో కాదు. మీతో తగాదాపడినవాని గడపలో మొదట నడుము వంచండి, బేత్లెహేము వాకిలి అక్కడ ఉన్నది. రోగి మంచం దగ్గర ఒక రాత్రి మేలుకొనండి, గెత్సేమనే అక్కడ ఉన్నది. పోలేనివారు దిగులుపడకండి. ఎమ్మాయుకు పోయే ఇద్దరు శిష్యులు యెరూషలేమును విడిచి దుఃఖముతో తమ పల్లెకు పోతుండగా ప్రభువే వచ్చి వారితో నడిచాడు, వారితో భోజనమునకు కూర్చున్నాడు. ఆయన పల్లెదారి ఎరుగనివాడు కాడు.

మీ రాకలోను పోకలోను ప్రభువు మీకు తోడైయుండును గాక. ఆమేన్.